తీటే కదా అనుకోకండి

మిరప కోతలు మొదలైతే పల్నాడు జిల్లా నాదెండ్ల మండలంలో ఎగ్జిమా ఉన్న మనిషికి నిద్ర కరువవుతుంది. పగలంతా చేలో ఘాటు, చెమట. రాత్రి మంచమెక్కితే తీట. మోచేతి మడతలు, మెడ, వేళ్ల సందులు, పాదాల పైభాగం... గోకిన చోటే గోకి తోలు మందమెక్కుతుంది, పగులుతుంది, రసి కారి పక్కబట్టలకు అంటుకుంటుంది. వారం, నెల అని కాదు, ఏళ్ల తరబడి ఇదే తంతు. ఆ మనిషి పడుకునే గదిలోనే, మంచం కిందనో అటక మీదనో, చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా ఉంటుంది. ఈ రెండూ ఒకే కప్పు కింద ఉండటం ప్రమాదం. అందుకే ఈ హెచ్చరిక.

భయపెట్టడానికి చెబుతున్న మాట కాదిది. ఎగ్జిమాలో ఎక్కువగా కనిపించే రకం అటోపిక్ డెర్మటైటిస్. దాని మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018 చివర్లో ‘జామా డెర్మటాలజీ’ పత్రికలో వచ్చింది. ఈ జబ్బు లేనివారితో పోలిస్తే ఉన్నవారికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చే అవకాశం 44 శాతం, ప్రయత్నం చేసే అవకాశం 36 శాతం ఎక్కువని అందులో తేలింది. 2015లో వచ్చిన మరో అధ్యయనం కోసం యూరప్‌లోని 13 దేశాల చర్మవ్యాధుల విభాగాల్లో 3,635 మంది రోగులను పరిశీలించారు. వారిలో పదిమందిలో ఒకరికి వైద్యం అవసరమైనంత కుంగుబాటు ఉంది. చర్మవ్యాధి లేనివారిలో అది 4.3 శాతమే. ఆ రోగుల ఇళ్లలో చాలావరకు పురుగుమందు ఉండదు. మన ఇళ్లలో ఉంటుంది. ఆలోచనకూ పనికీ మధ్య అక్కడ ఉన్నంత దూరం ఇక్కడ లేదు.

పెద్దవాళ్లకొచ్చే ఎగ్జిమాను మన పల్లెల్లో ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. గుండెనొప్పి అంటే ఊరంతా ఆటో ఎక్కుతుంది. షుగరంటే కనీసం సానుభూతి చూపిస్తుంది. తీట అంటే నవ్వుతుంది, లేదా పక్కకు జరుగుతుంది. ఎగ్జిమా అంటుకునే జబ్బు కాదు. ముట్టుకున్నా, కలిసి తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా రాదు. అయినా ఎగ్జిమా ఉన్న కోడలికి విడిగా గ్లాసు పెట్టే ఇళ్లున్నాయి. చేతులమీద మచ్చలు చూసి సంబంధం వద్దనుకుని వెళ్లిపోయేవాళ్లున్నారు. కోతకు ముఠా కట్టే మేస్త్రి ‘నువ్వు రాకులే అమ్మా, మిగతావాళ్లు ఇబ్బంది పడుతున్నారు’ అంటే ఆ పూట కూలి పోయినట్టే. మాటపడ్డ బాధ మాత్రం అంతకంటే చాలాకాలం ఉండిపోతుంది. గజ్జి అంటుకుంటుంది, గుండ్రంగా పాకే తామరా అంటుకుంటుంది. ఎగ్జిమాను కూడా ఊరు ఆ రెండింటి లెక్కలోనే కలిపేసింది. శిక్ష మాత్రం ఎగ్జిమా ఉన్న మనిషి అనుభవిస్తున్నాడు.

మగవాళ్ల సంగతి ఇంకోరకం. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఎండాకాలంలోనూ కాలర్ బొత్తాం పెట్టుకుని తిరుగుతారు. క్షౌరానికి కూర్చోవాలంటే మొహమాటం. భార్య పక్కన పడుకోవాలంటే మొహమాటం. నిద్ర కోసం సారా తాగుతారు. తాగితే చర్మానికి రక్తం పోటెత్తి తీట రెట్టింపవుతుంది. వంకాయ, గోంగూర, గుడ్డు, ఎండుచేప అంటూ ఊరు చెప్పే పథ్యం పట్టిక చాంతాడంత ఉంటుంది. దాన్ని ఎవరు రాశారో గానీ అందులో సారా పేరు ఎప్పుడూ కనిపించదు.

మనసుకూ చర్మానికీ లంకె ఎలా పడుతుందో తెలిస్తే ఈ జబ్బును చిన్నచూపు చూడలేం. ఒంట్లో వాపు వల్ల తీట పుడుతుంది. గోకితే చర్మం పైపొర చిరుగుతుంది. చిరిగిన చోట నీరు ఆవిరై పొడిబారుతుంది, దుమ్మూ సూక్ష్మజీవులూ లోపలికి పోతాయి, వాపు పెరుగుతుంది, తీట ఇంకా పెరుగుతుంది. రాత్రిపూట ఒళ్లు వేడెక్కి, మనసు మళ్లించడానికి పనేమీ లేక, తీట మరీ విజృంభిస్తుంది. నిద్ర చాలని మనిషికి చిరాకు, దిగులు, మతిమరుపు వస్తాయి. దిగులులో ఉన్నవాడికి తీట ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఇక్కడ ఏది ముందు, ఏది తర్వాత అని విడదీయడం వృథా. అందుకే ‘అంతా నీ మనసులోనే ఉంది’ అనేవాడిదీ తప్పే, ‘చర్మానికి పూస్తే సరిపోతుంది’ అనేవాడిదీ తప్పే.

పల్నాడులో ఈ చక్రాన్ని తిప్పే చేతులు చాలానే ఉన్నాయి. మొదటిది మిరప. కాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పగిలిన చర్మంలోకి దిగితే ఒట్టి నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు. ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కల్లంలో కాయలు ఏరేవాళ్లు రబ్బరు గ్లౌజు ఒక్కటే తొడిగితే లోపల చెమట పట్టి చర్మం నానిపోతుంది. దాని లోపల నూలు గ్లౌజు ఉండాలి. రెండోది గట్ల మీద, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా మొలిచే వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఈ కలుపు దేశమంతా పాకింది. దీని పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాల్లో కలిసి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద వాలతాయి. సరిపడని వాళ్లకు ఏళ్ల తరబడి వదలని ఎగ్జిమా తెచ్చిపెడతాయి. యాభై దాటిన రైతుకు ఉన్నట్టుండి ముఖమంతా నల్లబడి మందమెక్కితే షుగరో, రక్తం చెడడమో, చేతబడో అనుకోకముందు చేను గట్టు వైపు ఒకసారి చూడండి. మూడోది సిమెంటు. అందులోని క్రోమియం తాపీమేస్త్రీల చేతులను తినేస్తుంది. ఇక గణపవరం స్పిన్నింగు మిల్లుల్లో వేడి, తేమ, పత్తి దూది. ఒంటికి సరిపడని పని మానుకోవచ్చుగా అని డాక్టరు తేలిగ్గా అనేస్తాడు. మానుకుంటే పొయ్యి వెలగదని చెప్పలేక రోగి తలూపి వస్తాడు. ఆ తలూపులోనే సగం కుంగుబాటు ఉంది.

మందుల షాపు దగ్గర జరిగేది మరీ ఘోరం.

‘తీటకు ట్యూబు ఇవ్వు’ అంటే చాలాచోట్ల చేతికొచ్చేది క్లోబెటాసాలో బెటామెథాసోనో ఉన్న స్టెరాయిడ్ పూతమందు. దానికి తోడు ఫంగసు మందు, యాంటీబయాటిక్ కలిపినవి ఉంటాయి. మూడు జబ్బులకూ ఒకే బాణం అన్నమాట. పూసిన మూడోరోజుకు తీట మాయమవుతుంది, అదే దీని మాయ. ఆపితే వారంలో రెండింతలై తిరిగొస్తుంది, మళ్లీ ట్యూబు. అలా నెలలు గడిస్తే చర్మం పలచబడి రక్తనాళాలు బయటకు కనిపిస్తాయి, చారలు పడతాయి, ముఖం ఎర్రగా మండుతుంది. అసలు జబ్బు తామరైతే ఆ ట్యూబు నీడలోనే అది ఒళ్లంతా పాకుతుంది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. అంతకు ముందే, 2011లో వచ్చిన ఒక అధ్యయనం కోసం దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే సుమారు 15 శాతం మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్టు బయటపడింది. వారిలో సగానికి పైగా డాక్టరు కానివాళ్లు చెబితే వాడినవాళ్లే. చట్టం వచ్చింది, కౌంటరు మాత్రం మారలేదు.

స్టెరాయిడ్ పూతమందే విషమని అనడం లేదు. సరైన బలం ఉన్నదాన్ని, సరైన చోట, డాక్టరు చెప్పినన్ని రోజులు పూస్తే ఎగ్జిమాకు దానంత మంచి మందు తక్కువ. పెద్దవాళ్లకైతే చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన మందు వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. భయపడి అసలు పూయనివాళ్లు, భయం లేకుండా ఒళ్లంతా పులిమేవాళ్లు, ఇద్దరూ ఒకే చోటికి చేరతారు.

ఇంతకంటే ప్రమాదం లోపలికి పోయే మందులతో. ఆర్‌ఎంపీ దగ్గర ‘ఒక్క సూదితో’ తగ్గే తీటల్లో చాలావరకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనే. పొట్లం కట్టి ఇచ్చే పేరులేని తెల్ల బిళ్లల్లోనూ అదే ఉండొచ్చు. లోపలికి తీసుకునే స్టెరాయిడ్ మనసును కదిలిస్తుంది. కొందరికి నిద్ర పట్టదు, కొందరు ఉత్సాహంతో ఊగిపోతారు, కొందరు అగాధంలోకి జారిపోతారు. ఇంట్లోవాళ్లు ‘ఏదో గాలి సోకింది’ అనుకుంటారు. నెలల తరబడి వాడినదాన్ని హఠాత్తుగా ఆపినా ప్రాణం మీదికొస్తుంది. ఒంట్లో సహజంగా ఊరాల్సిన స్టెరాయిడ్ అప్పటికి అడుగంటి ఉంటుంది. కాబట్టి ఇది చదివి ఎవరూ ఈ రాత్రికి బిళ్లలు పారేయొద్దు. పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.

అలర్జీకి విరివిగా రాసే మాత్రల్లో మాంటెలుకాస్ట్ కలిసినవి చాలా ఉన్నాయి. దీనివల్ల కొందరిలో పీడకలలు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ఆ మందు సమాచార పత్రంలో పెట్టించింది. అందరికీ అలా అవుతుందని కాదు. కానీ ఆ మాత్ర మొదలుపెట్టాక మనిషి మారినట్టు అనిపిస్తే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. మనవాళ్లు చెప్పరు. మాత్రకూ మనసుకూ సంబంధం ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు గనక.

ముదిరిన ఎగ్జిమాకు చర్మవైద్యులు మెథోట్రెక్సేట్ రాస్తుంటారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందు ఇది. చవక, మంచిది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి మనిషే పోతాడు. చీటీ చదవలేని రోగికి షాపువాడు రోజువారీ మాత్రల్లో దీన్నీ కలిపి చుట్టి ఇచ్చాడంటే అంతే. ఏ రోజు వేసుకోవాలో, సోమవారమో శుక్రవారమో, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత అట్టమీద పెద్ద అక్షరాలతో రాయించండి. నల్లజీడి రసం, జిల్లేడు పాలు లాంటి పైపూతల జోలికి వెళ్లకండి. అవి కాల్చిన చర్మం మీద కొత్త పుండు లేస్తుంది, దానితోపాటు కొత్త సిగ్గు కూడా.

ఇక మనసు సంగతి. తీటతో బాధపడే మనిషికి ఇంట్లో ఎక్కువసార్లు వినిపించే మాట ‘గోకకు’. దగ్గుతున్న మనిషితో దగ్గకు అన్నట్టుంటుంది ఇది. గోకుడు సగం చేతి అలవాటు. అలవాటును తిట్టి మాన్పించలేం, చేతికి వేరే పని పెట్టి మాన్పించాలి. చేయి గోకడానికి లేవగానే పిడికిలి బిగించి కాసేపు ఆగడం, ఆ చోట అరచేత్తో నొక్కి ఉంచడం, వీలైతే తడిగుడ్డ వేయడం. లండన్ చర్మవైద్యులు చాలాకాలంగా నేర్పిస్తున్న పద్ధతి ఇది. 2021లో స్వీడన్ పరిశోధకులు 102 మంది ఎగ్జిమా రోగులతో చేసిన పరీక్షలో, ఇంటర్నెట్ ద్వారా మనస్తత్వ చికిత్స తీసుకున్నవారికి తీటా తగ్గింది, నిద్రా మెరుగుపడింది, కుంగుబాటూ తగ్గింది. మందు మానేసి మాటలతో నయం చేసుకోమని కాదు. చర్మానికి వైద్యం జరుగుతూ ఉండగానే మనసుకూ జరగాలి.

అడగడం మాత్రం ఈ రోజే మొదలవ్వాలి. జబ్బు బతుకును ఎంత దెబ్బతీసిందో కొలవడానికి ప్రపంచమంతా వాడే పది ప్రశ్నల పత్రం ఒకటుంది. 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ అనే ఇద్దరు దాన్ని రూపొందించారు. సిగ్గు, బట్టలు, పని, దాంపత్యం, అన్నీ అడుగుతుంది. నిద్ర గురించి అడగదు, చావు గురించి అడగదు. ఆ రెండూ మనమే అడగాలి. ‘బాబాయ్, రాత్రి ఎన్నిసార్లు లేచావు? ఇలా బతకడం ఎందుకనిపించిందా ఎప్పుడైనా? చచ్చిపోవాలనిపించిందా?’ అని సూటిగా. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అధ్యయనాలు అలా జరగదనే చెబుతున్నాయి. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. ‘అవును’ అంటే పాఠం చెప్పకండి, పిల్లల్ని చూసైనా బతకమని ఒట్టు వేయించుకోకండి. పక్కనే కూర్చుని 14416 కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. గుంటూరు సర్వజనాసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ చర్మవైద్యం, మానసిక వైద్యం రెండూ ఉన్నాయి.

పురుగుమందు మాట తేల్చాల్సి ఉంది. శ్రీలంక అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995 తర్వాతి ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. చావాలన్న ఉధృతి చాలామందిలో గంటల్లోనే దాటిపోతుంది. ఆ గంటల్లో విషం చేతికందకపోతే మనిషి మిగులుతాడు. అయితే డబ్బాను పెట్టెలో పెట్టి తాళం వేస్తే చాలనుకోవద్దు. అదే శ్రీలంకలో 50 వేలకు పైగా కుటుంబాలతో చేసిన పరిశీలనలో తాళం పెట్టెలు ఇచ్చినా విషం తాగే ఘటనలు తగ్గలేదని 2017లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి ఇంట్లో ఇలా కుంగిపోయిన మనిషి ఉంటే అసలు నిల్వ పెట్టకండి. ఆ రోజు పిచికారీకి ఎంత కావాలో అంతే కొనండి. మిగిలితే వేరే ఇంటికి చేర్చండి. కౌలుకు చేసేవాళ్లు అప్పుమీద ఒకేసారి సరుకు తెచ్చుకుంటారని తెలుసు. దుకాణదారు దగ్గరే ఉంచి విడతలవారీగా తెచ్చుకునే ఏర్పాటును దుకాణదారులు ఒప్పుకోవాలి. ఒప్పించే బాధ్యత వ్యవసాయ శాఖది.

జరగకూడనిది జరిగితే, పోలీసు కేసవుతుందన్న భయంతో ఉప్పునీళ్లు తాగించి, కక్కించి, పూటంతా ఇంట్లోనే పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పని చేయకండి. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటుంది, శిక్షించమనదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత 309 సెక్షనే లేదు. వెంటనే 108 కు ఫోన్ చేయండి. ఏం తాగారో డాక్టరు దగ్గర దాచకండి.

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. అయినా నాదెండ్ల రోగి చర్మానికి ఒకరోజు, మనసుకు మరోరోజు గుంటూరు వెళ్లిరావాలంటే రెండు కూలీలూ బస్సు ఛార్జీలూ పోతాయి. అందుకే ఎక్కడికీ వెళ్లడు, మళ్లీ ట్యూబు దగ్గరికే వెళతాడు. నరసరావుపేట ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా చర్మవైద్యుడు, మానసిక వైద్యుడు ఒకే చోట కూర్చునేలా జిల్లా వైద్యాధికారులు చూడాలి. ఆశా కార్యకర్త బీపీ, షుగరు అడిగినట్టే నిద్ర గురించీ చావు గురించీ రెండు ప్రశ్నలు అడిగేలా నేర్పాలి. కల్లాల్లో, మిల్లుల్లో నూలు గ్లౌజులు, కడుక్కోవడానికి నూనె, సబ్బు యజమానులే పెట్టాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబులమ్మే కౌంటర్ల మీద ఔషధ తనిఖీ అధికారులు కోతలకు ముందే దాడులు చేయాలి. గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే, పీకేవాళ్ల చేతులూ ముఖమూ కప్పించి, పంచాయతీలు పీకించాలి. ఈ పనుల్లో ఏదీ కొత్త పథకం కోసం ఆగాల్సింది కాదు.